ముందు ప్రోగ్రాం రాయనివ్వండి

"కంప్యూటర్ గురించి ఏమీ తెలియకపోయినా పర్వాలేదు, మొదటి రోజు నుంచే ఊప్స్ మొదలుపెట్టేస్తాం." మన ఖరగ్‌పూర్‌లో కోడింగ్ నేర్పే చోట అడిగినా ఇదే జవాబు. ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ ఎక్కి వెళ్లి హైదరాబాద్ అమీర్‌పేటలో అడిగినా ఇదే జవాబు. ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్‌కి కోచింగ్ వాళ్లు పెట్టుకున్న ముద్దుపేరు ఊప్స్. నింపుర, మథురకాటి రైల్వే క్వార్టర్స్‌లో తెలుగు తల్లిదండ్రులు ఈ మాట నమ్మి, పన్నెండో తరగతి అయిన పిల్లల్ని తీసుకెళ్లి జావా బ్యాచ్‌లో కూర్చోబెడుతున్నారు. బెంగళూరులో ఉద్యోగం చేసే మేనమామ కొడుకు కూడా ఫోన్లో ఇదే సలహా ఇస్తాడు. ఇంతమంది చెప్తున్నారు కాబట్టి నిజమే అయ్యుంటుందని అందరూ అనుకుంటున్నారు. ఈ సలహా తప్పు. మొదటిసారి కీబోర్డు మీద చెయ్యి పెట్టే పిల్లలకు ఇది మేలు చెయ్యదు సరికదా, చాలామందిని ఆ కీబోర్డుకే దూరం చేస్తుంది.

ఆ వాదాన్ని ముందు దాని పూర్తి బలంతో చెప్పుకుందాం. ప్రపంచంలో ప్రతిదీ ఒక వస్తువే, వస్తువుకి గుణాలుంటాయి, అది చేసే పనులుంటాయి. ప్రోగ్రామునీ అలాగే ఊహించుకోవడం మనిషికి సహజం అనేది మొదటి మాట. ముందు లూపులు, ఫంక్షన్లు అలవాటైతే ఆలోచన ఆ గాడిలోనే బిగుసుకుపోతుంది, తర్వాత ఆబ్జెక్టుల వైపు మళ్లించడం కష్టం అనేది రెండో మాట. కంపెనీలు వాడేది జావా, జావాలో క్లాసు లేకుండా అడుగు పడదు కాబట్టి అక్కణ్ణుంచే మొదలుపెట్టాలనేది మూడోది. నాలుగు స్తంభాలు, అంటే ఎన్‌క్యాప్సులేషన్, అబ్‌స్ట్రాక్షన్, ఇన్‌హెరిటెన్స్, పాలిమార్ఫిజం వచ్చేస్తే మొత్తం విషయం వచ్చినట్టేననేది నాలుగోది. ఇంటర్వ్యూల్లో అడిగేది ఇదేగా అన్నది అన్నిటికంటే గట్టిగా పనిచేసే అయిదో మాట.

వీటిలో రెండోదాన్ని చదువుకున్నవాళ్లు, పరిశోధకులు కూడా శ్రద్ధగా వాదించారు. ఆబ్జెక్టులతోనే మొదలుపెట్టాలన్న బోధనా పద్ధతి 1990ల్లో విశ్వవిద్యాలయాల్లో బలపడింది. మైకేల్ కోలింగ్, జాన్ రోజెన్‌బర్గ్ దానికోసమే 1999లో బ్లూజే అనే సాధనం తెచ్చారు. అందులో విద్యార్థి క్లాసు బొమ్మ మీద నొక్కి ఆబ్జెక్టును పుట్టించవచ్చు, దాని లోపల ఏ విలువ ఉందో కళ్లారా చూడవచ్చు. ఆ పద్ధతిని ఆ సాధనంతో, ఓపికున్న టీచరు నేర్పితే ఫలితం ఉండవచ్చు. మన దగ్గర జరుగుతున్నది అది కాదు. ఆ పద్ధతి పేరు తెచ్చుకుని, సాధనాన్నీ ఓపికనీ అక్కడే వదిలేసి వచ్చారు.

1. "ప్రపంచమంతా ఆబ్జెక్టులే"

ఈ మాటకి క్లాసులో ఇచ్చే ఉదాహరణలు అందరికీ తెలిసినవే. కుక్క ఒక జంతువు, కారు ఒక వాహనం. కుక్క క్లాసులో ఒక మెథడ్, దాన్ని పిలిస్తే తెరమీద భౌ భౌ అని పడుతుంది. ఆ ప్రోగ్రాం వల్ల ఎవరికి ఏ పని జరిగింది? ఏ లెక్క తేలింది? క్లాసు తీసేసి ఒక్క ప్రింట్ లైను రాసినా అదే భౌ భౌ వచ్చేది కదా అని పిల్లాడికి అనుమానం వస్తుంది. ఆ అనుమానం న్యాయమైనది, దానికి టీచరు దగ్గర జవాబుండదు.

అసలు ఈ పోలిక ఎక్కడ నుంచి వచ్చిందో చూస్తే దాని హద్దు కూడా తెలుస్తుంది. నార్వేలో ఓస్లోలోని నార్వేజియన్ కంప్యూటింగ్ సెంటర్‌లో ఓలె యోహాన్ డాల్, క్రిస్టెన్ నీగార్డ్ 1960లలో సిమ్యులా అనే భాష తయారుచేశారు. వాళ్ల పని సిమ్యులేషన్, అంటే బయట జరిగేదాన్ని కంప్యూటర్‌లో నడిపి చూడడం. టోల్ వంతెన దగ్గర లారీలు, బస్సులు క్యూ కడతాయి. ఎంతసేపు ఆగుతాయో లెక్క కావాలి. అక్కడ బయట ఉన్న లారీకి ప్రోగ్రాంలో ఒక ఆబ్జెక్టు ఉండడం సహజమే, ఎందుకంటే లారీని నకలు చెయ్యడమే ఆ ప్రోగ్రాం పని. మిగతా ప్రోగ్రాముల పని నకలు చెయ్యడం కాదు. జావాలో పిల్లాడు మొదటి వారంలోనే వాడే స్కానర్, కాస్త తర్వాత వచ్చే అర్రే లిస్ట్ బయట ప్రపంచంలో ఏ వస్తువులు?

పైగా ప్రపంచాన్ని ఉన్నదున్నట్టు క్లాసులుగా రాస్తే ప్రోగ్రాం విరుగుతుంది కూడా. మన ఊళ్లో అందరికీ తెలిసిన విషయంతోనే చూపిస్తాను. ఉద్యోగి అని ఒక క్లాసు రాశాం. దాని కింద అసిస్టెంట్ లోకో పైలట్ ఒక క్లాసు, లోకో పైలట్ ఒక క్లాసు. ఇన్‌హెరిటెన్స్ పాఠానికి అచ్చుగుద్దినట్టు సరిపోయింది, టీచరు మార్కులు కూడా వేస్తాడు. ఇప్పుడు అసిస్టెంట్‌కి ప్రమోషన్ వచ్చింది. జావాలో ఒకసారి పుట్టిన ఆబ్జెక్టు తన క్లాసు మార్చుకోలేదు. పాతదాన్ని పారేసి, కొత్త ఆబ్జెక్టు పుట్టించి, పేరు, పీఎఫ్ నంబరు, సర్వీసు వివరాలు అన్నీ అందులోకి కాపీ చెయ్యాలి. క్వార్టర్స్ కేటాయింపు జాబితా, మెడికల్ కార్డుల జాబితా పాత ఆబ్జెక్టునే పట్టుకుని ఉంటే అక్కడ ఆయన ఇంకా అసిస్టెంటే. నిజానికి మనిషి మారలేదు, హోదా మారింది. హోదాని ఉద్యోగి లోపల ఒక విలువగా పెట్టి ఉంటే ఒక్క లైనుతో పోయేది. ఇన్‌హెరిటెన్స్ కంటే ఇలా ఒకదానిలో ఒకటి అమర్చుకోవడమే మేలని 1994లో వచ్చిన డిజైన్ పాటర్న్స్ పుస్తకం స్పష్టంగా చెప్పింది. ముప్పయ్యేళ్లు దాటినా కోచింగ్ నోట్సులో ఇంకా జంతువు కింద కుక్క, వాహనం కింద కారు.

2. "ముందు లూపులు నేర్పితే చెడిపోతారు"

ఆబ్జెక్టుల వైపు మళ్లాలంటే దేన్ని మరిచిపోవాల్సి వస్తుందో ఈ వాదన చేసేవాళ్లు చెప్పరు. మెథడ్ లోపల ఏముంటుంది? షరతులు, లూపులు, విలువలు పెట్టుకోవడం, జవాబు తిరిగి ఇవ్వడం. క్లాసు ఆ మెథడ్‌కి చుట్టూ గోడ మాత్రమే, లోపలి పని అంతా పాత పనే. లూపు రానివాడికి మెథడ్ రాదు, మెథడ్ రానివాడు క్లాసు ఎందుకు కట్టాలి?

ఆబ్జెక్టుల పద్ధతిని కనిపెట్టినవాళ్ల దారి చూడండి. డాల్, నీగార్డ్ ఏళ్ల తరబడి సిమ్యులేషన్ ప్రోగ్రాములతో కుస్తీ పట్టాకే, లారీకీ బస్సుకీ ఉమ్మడిగా ఉన్న భాగాన్ని ఒకసారే రాస్తే చాలన్న ఆలోచన వచ్చి, అది 1967 నాటి సిమ్యులాలో చేరింది. ఇన్‌హెరిటెన్స్ వాళ్లకి చివర్లో దొరికింది. మన పిల్లలకి అది రెండో వారంలో వడ్డిస్తున్నారు. బ్యార్నె స్ట్రౌస్ట్రప్ కేంబ్రిడ్జ్‌లో పరిశోధన చేసేటప్పుడు సిమ్యులాలో ప్రోగ్రాం రాశాడు. అమరిక బాగుంది కానీ వేగం చాలలేదు, దాన్ని బీసీపీఎల్ అనే భాషలో తిరగరాయాల్సి వచ్చింది, అమరిక లేని ఆ భాషలో నానా అవస్థా పడ్డాడు. ఆ అనుభవంతోనే 1979లో బెల్ ల్యాబ్స్‌లో సి భాషకి క్లాసులు తగిలించాడు, అదే తర్వాత సి ప్లస్ ప్లస్ అయింది. వీళ్లంతా ఇబ్బంది పడ్డాక ఆబ్జెక్టు దగ్గరికి వచ్చారు. ఇబ్బంది తెలియని పిల్లాడికి పరిష్కారం మాత్రం చేతిలో పెడితే దాన్ని ఎక్కడ వాడాలో అతనికెలా తెలుస్తుంది?

దూరం ఎందుకు, మన ఊళ్లో 1951లో మొదలైన ఐఐటీనే తీసుకోండి. దేశమంతా ఉచితంగా చూసే ఎన్‌పీటెల్ కోర్సుల్లో సి ప్లస్ ప్లస్ పాఠాలు అక్కడి ప్రొఫెసర్ పార్థప్రతిమ్ దాస్ చెప్పారు. ఆ పాఠాలు మొదలయ్యేదే సి భాష పునశ్చరణతో. ఏమీ రానివాళ్ల కోసం అదే సంస్థ నుంచి ప్రొఫెసర్ అనుపమ్ బసు చెప్పిన కోర్సు సమస్యను ఎలా విడగొట్టాలో సి భాషతో నేర్పుతుంది. ప్రవేశ పరీక్షలో వడపోసి తీసుకున్న పిల్లలున్న సంస్థ మెట్టు మెట్టుగా ఎక్కిస్తుంటే, దాని గేటు బయట ఉన్న పిల్లల్ని మాత్రం ఏకంగా మేడ మీదికి దూకమంటున్నాం.

3. "జావాలో క్లాసు లేకుండా అడుగు పడదు"

తెర మీద నమస్కారం అని రావడానికి పిల్లాడు జావాలో ఇంతకాలం ఏం రాయాల్సి వచ్చేదో తెలుసా? పబ్లిక్, క్లాస్, దాని పేరు, మళ్లీ పబ్లిక్, స్టాటిక్, వాయిడ్, మెయిన్, బ్రాకెట్లో స్ట్రింగ్ ఆర్గ్స్, ఆపైన సిస్టమ్ డాట్ అవుట్ డాట్ ప్రింట్‌ఎల్ఎన్. ఇవేంటి సార్ అని అడిగితే "ఇప్పటికి అలా రాసెయ్, తర్వాత చెప్తా" అంటారు. మొదటి గంటలోనే ప్రోగ్రామింగ్ అంటే అర్థం కానిది చూసి రాయడం అని పిల్లాడి మనసులో పడిపోతుంది. అది మూడేళ్లయినా వదలదు. అక్కడ స్టాటిక్ అంటే ఏ ఆబ్జెక్టుతోనూ సంబంధం లేకుండా నడిచేది అని అర్థం. ఆబ్జెక్టుల పాఠంలో మొదటి లైనే ఆబ్జెక్టు అవసరం లేని లైను!

ఈ భారం ఎక్కువైందని జావాని నడిపేవాళ్లే ఒప్పుకున్నారు. 1995లో వచ్చిన భాష, 2025 సెప్టెంబరులో విడుదలైన 25వ వెర్షన్‌లో పద్ధతి మార్చుకుంది. ఇప్పుడు కొత్తవాళ్లు పైన క్లాసు రాయకుండా, స్టాటిక్ అనకుండా ఉత్త మెయిన్‌తోనే ప్రోగ్రాం మొదలుపెట్టవచ్చు. నేర్చుకునేవాళ్లు చిన్నగా మొదలుపెట్టి అవసరమైనప్పుడు క్లాసులోకి ఎదగాలన్నదే ఆ మార్పు ఉద్దేశం. జావాయే వెనక్కి తీసుకున్న నియమాన్ని జావా పేరు చెప్పి పిల్లల నెత్తిన రుద్దడం ఇంకా దేనికి?

4. "నాలుగు స్తంభాలు వస్తే అంతా వచ్చినట్టే"

సాయంత్రాలు నా దగ్గరికి కోడింగ్ నేర్చుకోవడానికి వచ్చే పిల్లల్లో ఆరు నెలల కోర్సు పూర్తిచేసినవాళ్లుంటారు. ఎన్‌క్యాప్సులేషన్ అంటే ఏమిటని అడిగితే, డేటానీ మెథడ్స్‌నీ ఒకే యూనిట్‌గా చుట్టడం అని ఇంగ్లీషులో గుక్కతిప్పుకోకుండా చెప్తారు. ఇరవై పేర్లలో ఎవరు డబ్బు కట్టలేదో చూపించే ప్రోగ్రాం రాయమంటే చేతులు ఆగిపోతాయి. ఇది ఆ పిల్లల తెలివికి సంబంధించిన లోపం కాదు, వాళ్లకి నిర్వచనమే అమ్మారు.

నిర్వచనం లేకుండా అదే విషయం ఎలా వస్తుందో వివరంగా చెప్తాను. క్వార్టర్స్‌లో ఆడవాళ్లు వేసే చీటీ తీసుకుంటాం. ఇరవై మంది, ఇరవై నెలలు, నెలకు 5,000. పిల్లలు పైథాన్‌లో మూడు జాబితాలు రాస్తారు: పేర్లు ఒకటి, ఎవరెంత కట్టారో ఒకటి, పాట పాడుకున్నారా లేదా అన్నది ఇంకొకటి. ఒక లూపు, రెండు షరతులు. నడుస్తుంది. వాళ్లమ్మకి చూపిస్తారు, ఆమె తన నోటుబుక్కుతో సరిచూసుకుంటుంది. ఇంతవరకు క్లాసు అనే మాటే రాలేదు.

తర్వాత ఒక మెలిక పెడతాను. రెండో నెలలో ఏడో మనిషికి బదిలీ అయి చీటీ వదిలేసింది, ఆమె బదులు ఇంకొకామె చేరింది. పిల్లాడు పేర్ల జాబితాలోంచి ఏడో పేరు తీసి, కొత్త పేరు చివర చేరుస్తాడు. మిగతా రెండు జాబితాలు మరిచిపోతాడు. పేర్లు మళ్లీ ఇరవయ్యే, డబ్బు అంకెలూ ఇరవయ్యే, కాబట్టి ప్రోగ్రాం ఏ తప్పూ చూపించదు. ఏడో స్థానం నుంచి చివరిదాకా మాత్రం ప్రతి పేరు పక్కనా వేరే మనిషి లెక్క ఉంటుంది. నిన్న డబ్బు కట్టినామె ఇవాళ బాకీదారు. ఈ తప్పు ఎక్కడుందో వెతకడానికి పిల్లలకి చాలాసేపు పడుతుంది. దొరికాక ఒకరు కాకపోతే ఒకరు తప్పకుండా అంటారు: "పేరు, డబ్బు, పాట మూడూ కలిపి ఒక్కచోట ఉంటే ఇలా అయ్యేది కాదు కదా!" ఆ నిమిషంలో నేను క్లాసు అనే మాట చెప్తాను. ఆ రోజు ఆ మాటకి వివరణ అక్కర్లేదు.

అక్కణ్ణుంచి మిగతావి వాటంతటవే వస్తాయి. ఒకసారి పాడుకున్నామె మళ్లీ పాడకూడదన్నది చీటీ నియమం. ప్రోగ్రాంలో ఏ మూల నుంచైనా ఆ గుర్తును చెరిపేయగలిగితే నియమం నిలవదు. కాబట్టి ఆ గుర్తును సభ్యురాలి క్లాసు లోపల దాచి, పాట అనే మెథడ్ ద్వారానే అది మారేలా చేస్తాం. ఆ మెథడ్ ముందు నియమం చూస్తుంది, ఆ తర్వాతే మారుస్తుంది. ఎన్‌క్యాప్సులేషన్ అంటే ఇదీ. కోచింగ్ నోట్సులో మాత్రం వేరియబుల్‌ని ప్రైవేట్ చేసి, పక్కనే ఏ విలువ ఇచ్చినా తీసుకునే సెట్ మెథడ్ రాసి, దాన్ని ఎన్‌క్యాప్సులేషన్ అంటారు. తాళం వేసి తాళంచెవి తలుపుకే వేలాడదీస్తే అది కాపలా ఎలా అవుతుంది?

ఈ దాచడం ఎందుకో మన స్టేషనే చెప్తుంది. 2017 నవంబరులో ఖరగ్‌పూర్ యార్డులో 800 రూట్ల ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్ పనిలోకి వచ్చింది. అక్కడ కూర్చున్న మనిషి ఏ సిగ్నల్‌నీ తన ఇష్టానికి పచ్చ చెయ్యలేడు. ఫలానా లైను నుంచి ఫలానా లైనుకి రూటు కావాలని అడగగలడు, అంతే. పాయింట్లు సరిగా పడి లాక్ అయ్యాయా, ట్రాక్ ఖాళీగా ఉందా, దీనికి అడ్డొచ్చే రూటు ఇంకోటి ఇచ్చి ఉందా అని లోపలి లాజిక్ చూసుకుని, అన్నీ కుదిరితేనే సిగ్నల్ ఇస్తుంది. సిగ్నల్ అండ్ టెలికాంలో పనిచేసే తండ్రికి ఇదంతా కొట్టినపిండి. ఆయన కొడుకు మాత్రం డబ్బు కట్టి కుక్క, జంతువు నేర్చుకుని వస్తున్నాడు. ఇది చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

పాలిమార్ఫిజం కూడా చీటీలోనే ఉంది. నిర్వాహకురాలు పాట చీటీతో పాటు లాటరీ తీసే చీటీ కూడా నడుపుతుంది. ఈ నెల డబ్బు ఎవరికి అన్న ప్రశ్న రెంటికీ ఒకటే, తేల్చే పద్ధతులు వేరు. మొదట ఇఫ్, ఎల్స్‌లతో రాస్తారు, అవి నాలుగుచోట్ల పేరుకుంటాయి, ఒకచోట మార్చి ఇంకోచోట మరిచిపోతారు. అప్పుడు రెండు క్లాసులు, రెంటికీ ఒకే పేరున్న మెథడ్. ఇన్‌హెరిటెన్స్ దాకా వెళ్లే పనే పడదు చాలాసార్లు, పడనక్కర్లేదు కూడా.

5. "ఇంటర్వ్యూలో అడుగుతారు"

అడుగుతారు. కానీ ఆ గది దాకా వెళ్లాలంటే ముందు కోడింగ్ పరీక్ష దాటాలి. పెద్ద కంపెనీల క్యాంపస్ పరీక్షల్లో కొత్తవాళ్లకి ఇచ్చే సమస్యలు ఎక్కువగా జాబితాల్లో వెతకడం, అక్షరాల వరుసలు తిప్పడం, లెక్కించడం లాంటివి. వాటికి కావాల్సింది లూపు మీద పట్టు. ఇంటర్వ్యూలోనూ నిర్వచనం అప్పగించాక "ఎక్కడ వాడావు?" అని రెండో ప్రశ్న వస్తుంది. చీటీ ప్రోగ్రాం రాసిన అమ్మాయి దానికి పది నిమిషాలు మాట్లాడుతుంది. కుక్క, కారు చదివినవాడు ఏం చెప్తాడు?

ఈ సలహా వల్ల పోయేది ఫీజు ఒక్కటే అయితే ఇంత రాయాల్సిన పని లేదు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి వచ్చి ఈ ఊళ్లో స్థిరపడిన కుటుంబాలివి. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బంగ్లా, బడిలో ఇంగ్లీషు. నాలుగు భాషల మధ్య తిరుగుతూ పెరిగిన పిల్లలకి కొత్త భాష నేర్చుకునే సత్తువ చిన్నప్పటి నుంచే ఉంటుంది. అలాంటివాళ్లు మూడు నెలల జావా తర్వాత "కోడింగ్ నా తలకెక్కదు" అని బ్యాంకు పరీక్షల పుస్తకాలు తెచ్చుకుంటున్నారు. చదువుకున్న మొదటి తరం ఆడపిల్లలు ఇంకా తొందరగా ఆ మాట అనేసుకుంటారు, ఇంట్లోవాళ్లు ఇంకా తొందరగా ఒప్పేసుకుంటారు. ఒక్క పనికొచ్చే ప్రోగ్రాం కూడా రాయనివ్వకుండానే ఆ పిల్లకి రాదని తేల్చేశారు. తప్పు పాఠం చెప్పిన క్రమానిది, దాన్ని ఆ అమ్మాయి జీవితాంతం తన తప్పుగా మోస్తుంది.

కాబట్టి మొదటి రెండు నెలలు క్లాసు, ఆబ్జెక్టు అనే మాటలు రాకూడదు. పైథానో, సీయో, కొత్త జావాయో ఏదైనా ఫర్వాలేదు. షరతులు, లూపులు, జాబితాలు, ఫంక్షన్లతో పిల్లలు తమ ఇంట్లో పనికొచ్చే ప్రోగ్రాములు కనీసం నాలుగైదు రాయాలి. వాటిని పెంచుతూ పోయి, అవి చిక్కుపడే దాకా ఆగాలి. చిక్కుపడ్డాక క్లాసు, దాని వెనక నియమాన్ని లోపల దాచడం, ఆపైన పాలిమార్ఫిజం, అన్నిటికంటే చివర ఇన్‌హెరిటెన్స్. నేర్పేవాళ్లు కుక్కల్నీ కార్లనీ నోట్సులోంచి తీసెయ్యాలి. తల్లిదండ్రులు ఫీజు కట్టేముందు ఒక్క ప్రశ్న అడగాలి: నెల తిరిగేసరికి మా అమ్మాయి సొంతంగా రాసిన ఏ ప్రోగ్రాం మాకు చూపిస్తుంది? జవాబులో నాలుగు స్తంభాల పేర్లు వినిపిస్తే అక్కడ చేర్చకండి.